కంచంలో కం

శుక్రవారం చివరి పీరియడ్. గంట కొట్టడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. ఐదో తరగతిలో సగం మంది అప్పటికే పుస్తకాలు సంచుల్లో సర్దేసుకున్నారు. సరిగ్గా అప్పుడు వాచ్‌మన్ తలుపు దగ్గరికొచ్చాడు.

"టీచర్, మొక్కల తోట నుంచి పంపించారు" అంటూ ఒక డబ్బా అందించాడు.

అది పాత బిస్కెట్ల డబ్బా. దానికి రబ్బరు బ్యాండుతో ఒక చీటీ కట్టి ఉంది. టీచర్ మూత తీయగానే తడి వాసన గుప్పుమంది. లోపల తడి కొబ్బరిపీచు. పీచు మధ్యలో మూడు గింజలు.

"మాంగోస్టీన్!" అని క్లాసంతా ఒక్కసారే అరిచింది.

నిన్ననే వాళ్లందరూ మొక్కల తోటకి వెళ్లొచ్చారు. అక్కడ ఒక అద్దాల గది ఉంది. ఏడాది పొడుగునా వానలు కురిసే అడవుల్లో పెరిగే చెట్లని అందులో పెంచుతారు. లోపల అడుగు పెడితే వేడినీళ్లు పోసుకున్నాక స్నానాలగది ఉన్నట్టుంటుంది. పై నుంచి పైపులు సన్నటి తుంపర చల్లుతూ ఉంటాయి. ఆ గదిని చూసుకునే తోటమాలిని పిల్లలందరూ తోట పెద్దమ్మ అని పిలుస్తారు.

పన్నెండేళ్ల కిందట తోట పెద్దమ్మ ఆ గదిలో చిటికెన వేలంత మాంగోస్టీన్ మొక్క నాటింది. పేరులో మ్యాంగో ఉన్నట్టు వినిపిస్తుంది గానీ మామిడికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. అది పెరిగీ పెరిగీ ఈ ఏడు మొదటిసారి కాసింది. కాసినవి నాలుగే నాలుగు కాయలు. రెండు పిందెలుగా ఉన్నప్పుడే రాలిపోయాయి. ఒకటి ఇంకా పచ్చిగా కొమ్మకే ఉంది. పండిన ఆ ఒక్కదాన్నీ పెద్దమ్మ పిల్లల ముందే కోసింది.

"కోయకముందే లోపల ఎన్ని తొనలున్నాయో చెప్పనా?" అంది.

"కోయకుండా ఎలా తెలుస్తుంది?" అన్నారు పిల్లలు.

పెద్దమ్మ వంకాయ రంగు పండుని తిరగేసి చూపించింది. అడుగున చిన్న పువ్వు ముద్ర వేసినట్టుంది. దానికి ఆరు రేకులు. కోసి చూస్తే తెల్లటి తొనలు సరిగ్గా ఆరు. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. ఆరు తొనలు ముప్ఫై ఒక్క మందికి పంచితే ఒక్కొక్కరికీ గోరంత ముక్క దక్కింది. అది నోట్లో వేసుకున్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ క్లాసు మాట్లాడకుండా ఉండటం టీచర్ చూడటం అదే మొదటిసారి.

ఆ పండులోని గింజలే ఇప్పుడు డబ్బాలో ఉన్నాయి.

"చీటీ ఎవరు చదువుతారు?" అని టీచర్ అడిగే లోపే ఒక చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఎక్స్‌ప్రెస్‌ది.

ఆ అమ్మాయి అసలు పేరు హాజరు పుస్తకంలో భద్రంగా ఉంది. బయట మాత్రం అందరూ ఎక్స్‌ప్రెస్ అనే పిలుస్తారు. పాఠం చదవమంటే ఊపిరి తీసుకోకుండా చదివేస్తుంది. మిగతావాళ్లు పేజీ మధ్యలో ఉండగానే పుస్తకం మూసి దిక్కులు చూస్తుంది. చిన్న స్టేషన్లలో ఆగని బండి అని టీచరే ఆ పేరు పెట్టారు.

ఎక్స్‌ప్రెస్ చీటీ విప్పింది. బండి బయల్దేరింది.

"ఇక్కడుంటే ఎలుకలు వదలవు అందుకే పంపుతున్నాను గింజల్ని ఆరనివ్వండి సోమవారం నేనొచ్చి కుండీల్లో వేస్తాను."

గంట కొట్టారు.

"రెండు రోజులు స్కూలుకి తాళం. వీటిని ఎవరింటికైనా తీసుకెళ్లాలి" అన్నారు టీచర్. మళ్లీ ముందు లేచిన చెయ్యి ఎవరిదో చెప్పక్కర్లేదు.

*

"అక్కా, డబ్బాలో ఏముంది?" అని చిన్ని గుమ్మంలోనే అడిగింది.

చిన్ని ఒకటో తరగతి. ఈ మధ్యే చదవడం వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ కనపడిందల్లా చదువుతోంది. సబ్బు కాగితం, బస్సు బోర్డు, నాన్న చొక్కా కాలర్ లోపలి చీటీ, ఏదీ వదలడంలేదు. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, అది పలికాక గానీ పక్కదానికి వెళ్లదు.

"బి...స్కె...ట్లు..." అని మూత మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టింది.

"నువ్వు చదివేసరికి నేను పెద్దదాన్నై ఉద్యోగంలో చేరిపోతాను. జరగవే, నత్తా!" అంది ఎక్స్‌ప్రెస్.

చిన్ని వేలు తీసేసింది. లోపలికి వెళ్లిపోయింది. ఎక్స్‌ప్రెస్ అది గమనించలేదు. ఆమె చాలా వాటిని గమనించదు, తొందర కదా!

పాపం, గింజలు దారిలో తడిసినట్టున్నాయి, అందుకే ఆరబెట్టమన్నారు అనుకుంది. ఇంట్లో టమాటా గింజలు దాచినా అమ్మ ముందు ఎండబెట్టే దాస్తుంది. అందుకని గింజల్ని పీచులోంచి తీసి, గుడ్డతో తుడిచి, తన కంచంలో పెట్టింది. శనివారం పొద్దున్నే ఆ కంచం డాబా మీదికి చేరింది.

ఆమె ఎంత శ్రద్ధగా చూసుకుందో చెప్పకపోతే అన్యాయం అవుతుంది. గంటకోసారి గింజల్ని తిరగేసింది. నీడ పడితే కంచాన్ని ఎండలోకి జరిపింది. కాకి వాలబోతే గొడుగు తీసుకుని తరిమింది. కింద స్నేహితులు ఆటకి పిలిచినా వెళ్లలేదు. రెండు రోజులు అలా కాపలా కాసింది.

ఆదివారం సాయంత్రానికి గింజలు మాడిన రంగుకి తిరిగి, ముడతలు పడి, చేతిలో పెట్టుకుంటే బరువే తెలియనంతగా ఎండిపోయాయి. ఎక్స్‌ప్రెస్‌కి వాటిని చూసి గర్వంగా అనిపించింది.

కంచం తీసుకుని కిందికొచ్చేసరికి వంటింటి బల్ల దగ్గర చిన్ని కూర్చుని ఉంది. చీటీ ఆమె ముందుంది. అక్క లేదు కదా అని ధైర్యంగా, పైకే చదువుకుంటోంది.

"గిం...జ...ల్ని... ఆ...ర...ని...వ్వ...కం...డి."

"ఆరనివ్వండి" అంది ఎక్స్‌ప్రెస్ వెనక నుంచి. "లేని అక్షరాలు కలపకు."

చిన్ని ఉలిక్కిపడింది. అయినా వేలు తీయలేదు.

"కలపలేదక్కా. ఇక్కడ 'కం' ఉంది."

"ఏ కం?"

"కంచంలో కం."

ఎక్స్‌ప్రెస్ వంగి చూసింది. చిన్ని వేలు చిట్టిది. దాని పక్కనే 'కం' గుండ్రంగా, నల్లగా, ఎవరికీ ఏ అనుమానమూ రానంత స్పష్టంగా ఉంది. ఆరనివ్వకండి.

చేతిలోని కంచంలో మూడు గింజలు గలగలమన్నాయి.

*

అమ్మ ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రూఫ్‌లు దిద్దుతుంది. అచ్చుకి వెళ్లే ప్రతి కాగితమూ ముందు అమ్మ కళ్ల కిందుగా వెళ్లాలి. ఆ సాయంత్రం అమ్మ బల్ల దగ్గరికొచ్చేసరికి పెద్ద కూతురు గ్లాసు నీళ్లలోకి తొంగి చూస్తోంది. గ్లాసు అడుగున మూడు గింజలున్నాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గింజలవి కాదు, కూతురివి.

"ఏమైంది, అమ్మడూ?"

ఎక్స్‌ప్రెస్ అంతా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ముక్కు తుడుచుకుంది.

అమ్మ చీటీ తీసుకుని చదివింది. తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను ప్రెస్‌లో చేరిన కొత్తలో ఒక లిఫ్ట్ కంపెనీ స్టిక్కర్లు వేశాం. 'లిఫ్ట్ కదులుతుండగా తలుపు తెరవండి' అని. ఐదు వందల స్టిక్కర్లు."

చిన్ని ముందు నవ్వింది. ఎక్స్‌ప్రెస్‌కి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. "తెరవకండి అని కదా ఉండాలి?"

"ఉండాలి. నేనే దిద్దాను. కన్ను చదవలేదు, ఇలాగే ఉంటుందిలే అనుకుంది. మా రోజు బాగుండి, అంటించకముందే మా ఓనర్ చూశాడు. అప్పట్నుంచి లైను కింద స్కేలు పెట్టుకుని చదువుతాను."

"నీళ్లలో పెడితే ఇవి బతుకుతాయా, అమ్మా?"

"ఉబ్బుతాయి. బతుకుతాయో లేదో నాకు తెలీదే. తెలిసినావిణ్ణి అడగాలి."

అడగాలంటే చెప్పాలి. చెప్పాలంటే అందరి ముందూ చెప్పాలి. ఎక్స్‌ప్రెస్‌కి ఆ రాత్రి అన్నం సయించలేదు.

తెల్లారేసరికి అమ్మ అన్నట్టే గింజలు ఉబ్బాయి. ముడతలు పోయాయి. తడిపిన పీచులో పెట్టి మూత పెడితే, శుక్రవారం నాటి గింజలూ ఇవీ ఒకటే అన్నట్టున్నాయి. ఎవరికీ తెలియదు. మొలకెత్తకపోతే మట్టిదే తప్పనుకోవచ్చు, కుండీదే తప్పనుకోవచ్చు. గింజలకి నోరు లేదు. స్కూలు దాకా ఆమె ఇదే ఆలోచిస్తూ నడిచింది.

*

తోట పెద్దమ్మ మూడు కుండీలతో, సంచెడు మట్టితో వచ్చింది. పిల్లలు చుట్టూ మూగారు. ఎక్స్‌ప్రెస్ అందించిన డబ్బా మూత తీసి, గింజల్ని చూడగానే ఆవిడ ముఖం విప్పారింది.

"అబ్బ, ఎలా పంపానో అలాగే ఉంచావే! బంగారు తల్లివి."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఎక్స్‌ప్రెస్‌కి.

"కాదు పెద్దమ్మా" అంది.

"ఏం కాదు?"

"అలాగే ఉంచలేదు. నేను పప్పులో కాలేశాను. ఆరనివ్వకండి అని రాస్తే ఆరనివ్వండి అని చదివాను. ఎండలో పెట్టాను. నిన్న సాయంత్రం నీళ్లలో నానబెడితే ఇలా అయ్యాయి."

పెద్దమ్మ బెంచీ మీద కూర్చుంది.

"ఎంతసేపు పెట్టావు ఎండలో?"

"రెండు రోజులు."

"మధ్యలో తీసేశావేమో?"

"లేదు. అటూ ఇటూ తిప్పి మరీ ఎండబెట్టాను. చాలా శ్రద్ధగా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు బెంచీ అబ్బాయికి మాత్రం నవ్వు రాలేదు. "మన చెట్టుని చంపేసింది టీచర్!" అన్నాడు కోపంగా.

"ఆ చీటీ నేను కూడా చూడలేదు, నాయనా. వినేసి ఊరుకున్నాను" అన్నారు టీచర్. ఆ మాటకి ఎక్స్‌ప్రెస్ ఆశ్చర్యంగా తలెత్తింది.

పెద్దమ్మ ఒక గింజని వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతోంది. ఆవిడ గోళ్లలో మట్టి ఉంది. పన్నెండేళ్లు ఆ చెట్టుకి తుంపర పట్టిన చేతులవి. ఎక్స్‌ప్రెస్ ఆ చేతుల వంక చూడలేకపోయింది.

"మన టమాటా గింజ ఉందనుకో" అంది పెద్దమ్మ చివరికి, "అది ఎండినా ఓపిగ్గా ఎదురుచూస్తుంది. ఎప్పుడు నీళ్లు పోస్తే అప్పుడు లేస్తుంది. ఇది అలా కాదు. ఇది పుట్టిన అడవిలో ఎప్పుడూ వానే. పండు రాలితే కింద నేల తడిగానే ఉంటుంది. అందుకే దీనికి ఎదురుచూడటం తెలీదు. రాలగానే మొలకెత్తాలనే తొందర. ఆరిపోయిందా, ఇక అంతే."

"మా ఎక్స్‌ప్రెస్ లాగా తొందర!" అన్నారెవరో. ఈసారి అందరూ నవ్వారు. ఎక్స్‌ప్రెస్ నవ్వలేదు గానీ, ఆ మాట అబద్ధం అని కూడా అనలేకపోయింది.

"ఇక బతకవా, పెద్దమ్మా?"

"నా లెక్క ప్రకారం బతకవు. అయినా వేద్దాం. రోజూ నీళ్లు చల్లే పని నీదే. చెమ్మ ఆరకూడదు, అలాగని చెరువు కాకూడదు."

ఆవిడ కోప్పడలేదు. కుండీకొకటి చొప్పున గింజలు పెట్టింది. కానీ వెళ్లేటప్పుడు ఎవరి జుట్టూ చెరపలేదు. ఎప్పుడూ చెరుపుతుంది.

*

ఎక్స్‌ప్రెస్ నెల రోజులు నీళ్లు చల్లింది. సెలవు రోజుల్లో వాచ్‌మన్ దగ్గర తాళంచెవి అడిగి మరీ చల్లింది. మట్టి మట్టిలాగే ఉంది. ముప్ఫయ్యో రోజు పెద్దమ్మ వచ్చి వేలితో మట్టి తవ్వింది. మూడు గింజలూ లోపల మెత్తగా కుళ్లిపోయి ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్‌కి ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చేసింది.

పెద్దమ్మ ఆమె జుట్టు చెరిపింది. చేతికి మట్టి ఉంది, అదంతా జుట్టుకి అంటింది.

"ఊరుకో తల్లీ. ఇదిగో, కొమ్మ మీద మిగిలింది నిన్ననే పండింది."

ఆవిడ సంచిలోంచి వంకాయ రంగు పండు తీసింది. ఈసారి అడుగున ఐదు రేకులు. లోపల ఐదు తొనలు. గింజ ఉండే లావుపాటి తొన మాత్రం ఒక్కటే. అంటే గింజ కూడా ఒక్కటే.

"ఇది నీ కుండీలోనే వేస్తాను" అంది పెద్దమ్మ.

"నా దానిలోనా? నేను పాడుచేస్తే?"

"నువ్వు చెప్పకపోయుంటే నేను ఇప్పటికీ మట్టిని తిట్టుకుంటూ ఉండేదాన్ని. నువ్వు నీళ్లు చల్లు. అనుమానం వస్తే అడుగు."

ఇరవై నాలుగో రోజు పొద్దున మట్టిలోంచి ఒక మొలక తల బయటపెట్టింది. వారం తిరిగేసరికి దానికి రెండాకులు విచ్చుకున్నాయి. ఆకులు లేత ఎరుపు, మెరుస్తున్నాయి. ముందు బెంచీ అబ్బాయి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. స్కూల్లో పిల్లలంతా చూడ్డానికొచ్చారు. వచ్చినవాళ్లందరికీ ఒకటే ఆశ, ఆ ఆకుల్ని ఒక్కసారి ముట్టుకోవాలని!

"ఇలాగైతే వారానికే దాని పని అయిపోతుంది. ఒక బోర్డు రాసి పెట్టు" అని టీచర్ ఎక్స్‌ప్రెస్‌కి అట్ట ఇచ్చారు.

ఆ సాయంత్రం ఎక్స్‌ప్రెస్ వంటింటి బల్ల మీద అట్ట పరిచి, ముందు పెన్సిల్‌తో మూడు లైన్లు రాసింది. రెండుసార్లు చదువుకుంది. బాగానే ఉంది. రంగు డబ్బా మూత తీసింది. బ్రష్ ముంచబోయి ఆగింది. మూత మళ్లీ పెట్టేసింది.

చిన్ని పక్క గదిలో కిటికీ దగ్గర బొమ్మలు వేసుకుంటోంది. అక్క ఇంట్లో ఉన్నప్పుడు చిన్ని పైకి చదవడం మానేసి చాలా రోజులైంది. ఆ సంగతి ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు గమనించింది.

"చిన్నీ, నాకొకటి చదివి పెడతావా?"

చిన్ని అనుమానంగా చూసింది. "నువ్వే చదువుకోవచ్చుగా. నీకు ఫాస్ట్‌గా వచ్చుగా."

"అందుకే నిన్నడుగుతున్నాను. నా కళ్లు గెంతేస్తాయి."

"నత్త అంటావు."

"అనను. ఇంకెప్పుడూ అనను."

"నవ్వవుగా?"

"నవ్వను."

చిన్ని వచ్చి కుర్చీ ఎక్కింది. వేలు మొదటి అక్షరం కింద పెట్టింది. "ఇ...ది... మాం...గో...స్టీ...న్... మొ...క్క." ఎక్స్‌ప్రెస్‌కి నోటిదాకా వచ్చిన అక్షరాలు లోపలే ఆగిపోయాయి. పెదవి కొరుక్కుంది. చెయ్యి బల్ల కింద పెట్టుకుంది. వంటింట్లో కుళాయి రెండు చుక్కలు కార్చింది.

"దీ...న్ని... ము...ట్టు...కోం...డి."

చిన్ని వేలు ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది.

"అక్కా, ముట్టుకోమన్నావా, వద్దన్నావా?"

ఎక్స్‌ప్రెస్ వంగి చూసింది. 'దీన్ని ముట్టుకోండి' అని తన చేతిరాతే, ఎంతో అందంగా! ఆమెకి నవ్వు ఆగలేదు.

"నవ్వనన్నావుగా!" అంది చిన్ని. కళ్లలో నీళ్లు తిరగబోయాయి.

"నీ మీద కాదే, నా మీద! స్కూలంతా వరసలో నిలబడి ముట్టుకునేవాళ్లు!" అని ఎక్స్‌ప్రెస్ చెల్లెల్ని దగ్గరికి లాక్కుంది. అప్పుడు చిన్నికి కూడా నవ్వొచ్చింది. నవ్వులు విని అమ్మ గుమ్మంలోకి వచ్చి చూసి, ఏమీ అడగకుండా తన స్కేలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లింది.

ఎక్స్‌ప్రెస్ తప్పు చెరిపి సరిగ్గా రాసింది. తర్వాత స్కేలు మూడో లైను కింద పెట్టి, అట్టని చిన్ని వైపు జరిపింది.

"ఇంకో లైను ఉంది. చదువు."

"నీకు లేటవదా?"

"అవదు. నువ్వు చదువు."

"మ...ట్టి...ని... ఆ...ర...ని...వ్వ..."

చిన్ని అక్కడ ఆగి, పక్క అక్షరాన్ని చాలాసేపు చూసింది. అదేమిటో ఎక్స్‌ప్రెస్‌కి బాగా తెలుసు. అయినా నోరు విప్పలేదు. చెల్లెలి చిట్టి వేలి వంక చూస్తూ కూర్చుంది.

"కం!" అంది చిన్ని తలెత్తి. "కంచంలో కం!"